కబేళా వ్యర్థాల లెక్క అధికారుల చేత తేల్పించుకోవడం ఎలా?

మీ వీధి వెనుక కాలువలో ఆదివారం మధ్యాహ్నానికి నీరు ఎర్రబడి, సోమవారం పొద్దుటికి కిటికీలు మూసుకోవలసిన పరిస్థితి వస్తోందనుకుందాం. మీరు మున్సిపల్ కార్యాలయానికి వెళ్లి దుర్వాసన వస్తోందని అర్జీ ఇస్తారు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చి కాలువ గట్టున నాలుగు తట్టల బ్లీచింగ్ పౌడరు చల్లించి, ఫొటో తీసుకుని, సమస్య పరిష్కారమైందని రాసి ఫైలు మూసేస్తారు. వచ్చే ఆదివారం కథ మళ్లీ మొదటికి వస్తుంది. వాసన గాలికి పోతుంది, ఫైలులో నిలవదు. అందువల్ల మీరు అడగవలసింది లెక్క. ఎన్ని జీవాలను కోశారు, దానికి ఎంత వ్యర్థం రావాలి, ఆ వ్యర్థం ఎక్కడికి చేరినట్టు రసీదులున్నాయి అన్న మూడు అంకెలను పక్కపక్కన పెట్టగలిగితే, తనిఖీ చేయవలసిన అధికారి మీ కాగితాన్ని పక్కన పడేయడం కష్టమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోగాని తెలంగాణలోగాని ఈ పనిని ఏ వరుసలో చేసుకోవాలో కింద వివరిస్తున్నాను.

మొదట ఆ కబేళా ఎవరిదో, ఎవరి అనుమతితో నడుస్తోందో తెలుసుకోవాలి. పట్టణాల్లో కబేళాలు చాలావరకు మున్సిపాలిటీవే. అంటే నడిపించేదీ, పారిశుద్ధ్యం తనిఖీ చేసేదీ ఒకే కార్యాలయం. అక్కడికే వెళ్లి ఫిర్యాదు చేయడమంటే ముద్దాయినే తీర్పు చెప్పమనడం వంటిదే. అందుకే కాలుష్య నియంత్రణ మండలి పాత్ర ముఖ్యమవుతుంది. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం మున్సిపాలిటీకీ వర్తిస్తుంది. కబేళా కట్టడానికి ముందు స్థాపనకు, నడపడానికి ముందు నిర్వహణకు మండలి సమ్మతి ఉండాలి. కార్యాలయాల్లో వీటిని సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ అంటారు. మీరూ ఆ పేర్లతోనే అడగండి, గుమస్తా వెంటనే గ్రహిస్తాడు. కాలుష్య తీవ్రతను బట్టి పరిశ్రమలను రంగులుగా విభజించినప్పుడు కేంద్ర మండలి కబేళాలను రెడ్ కేటగిరీలో, అంటే కాలుష్యం ఎక్కువగా ఉండే జాబితాలో చేర్చింది.

రెండో అనుమతి ఆహార భద్రత శాఖది. రోజుకు 2 పెద్ద పశువులు, లేదా 10 గొర్రెలు మేకలు, లేదా 50 కోళ్ల వరకు కోసేచోట రిజిస్ట్రేషన్ సరిపోతుంది. అది దాటి 50 పెద్ద పశువులు, 150 జీవాలు, 1000 కోళ్ల వరకు రాష్ట్ర లైసెన్సు, ఆపైన కేంద్ర లైసెన్సు కావాలి. ఈ అంకెల అవసరం తరువాత వస్తుంది. లైసెన్సులో 150 జీవాలని ఉండి ఆదివారం 300 తెగుతున్నాయంటే, శుద్ధి ఏర్పాట్లు కూడా ఆ 150కి సరిపడేలాగే కట్టి ఉండే అవకాశం ఎక్కువ.

మూడోది పశువైద్యుడి పరీక్ష. 2001 నాటి జంతుహింస నివారణ కబేళా నియమాల ప్రకారం ఒక పశువైద్యుడు గంటకు 12 జీవాలకు, రోజుకు 96 జీవాలకు మించి పరీక్షించరాదు. ఒకే డాక్టరు సంతకంతో ఒకే రోజున 300 జీవాలకు ధ్రువీకరణ ఉంటే ఆ పరీక్ష ఎలా జరిగిందో మీరే ఊహించుకోవచ్చు. దీనికీ వ్యర్థాలకూ సంబంధం లేదనుకోకండి. రోగంతో ఉన్న జీవాన్ని ముందుగానే పక్కన పెట్టకపోతే, పనికిరాదని తేలిన కళేబరం కూడా మామూలు చెత్తతో కలిసి డంపింగ్ యార్డుకు చేరుతుంది.

ఇక లెక్క కట్టుకోవాలి. ఇది నోటుపుస్తకంలో పావుగంట పని. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అంచనా ప్రకారం గొర్రె లేదా మేక ఒక్కింటికి సగటున 2.5 కిలోల ఘన వ్యర్థం వస్తుంది, అంటే జీవపు బరువులో సుమారు 17 శాతం. పెద్ద పశువుకైతే 83 కిలోలు, అంటే 27.5 శాతం. 300 జీవాలు తెగిన రోజున 750 కిలోలు వెళ్లాలన్నమాట. మన నెల్లూరు పొట్టేళ్లు ఆ సగటు కంటే బాగా బరువు తూగుతాయి కనుక ఈ అంకెను కనీసంగానే తీసుకోండి. మరోవైపు మనవాళ్లు వదిలిపెట్టేది తక్కువ: తలకాయ, కాళ్లు, బోటీ అమ్ముడుపోతాయి, గడ్డకట్టిన రక్తాన్ని సైతం నల్ల అని కూర వండుకుంటారు. అందువల్ల మీ అంచనాకూ రిజిస్టరుకూ పది ఇరవై శాతం తేడా ఉంటే దాన్ని పట్టుకుని పోట్లాడకండి. కడుపులోని అరగని మేత, పేడ మాత్రం ఎవరూ కొనరు, అవి ఎటో ఒకటు పోవలసిందే. 750 కిలోలు ఉండవలసిన చోట 100 కిలోలే కనిపిస్తే, మిగిలింది బోటీగా అమ్ముడైందన్న జవాబు నిలబడదు.

రక్తం లెక్క వేరు. ఒక మేకకు సుమారు లీటరు వస్తుంది. నీటిలోని మురికి భారాన్ని కొలిచే బీఓడీ ఇళ్ల మురుగులో లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటే, పచ్చి రక్తంలో అది 1,50,000 మిల్లీగ్రాములకు పైమాటే. ఒక లీటరు రక్తం కాలువలో కలిసిందంటే కనీసం 500 లీటర్ల ఇళ్ల మురుగు కలిసినట్టు. ఈ ఒక్క వాక్యాన్ని మీ ఫిర్యాదులో రాయండి. రక్తాన్ని నేల కడిగే నీటితో కలవనివ్వకుండా విడిగా పట్టాలన్న షరతు ఎందుకు పెడతారో చదివేవారికి అర్థమవుతుంది, కడిగిన నీళ్లే కదా అన్న సమాధానానికీ అడ్డుకట్ట పడుతుంది.

తరువాత కళ్లతో చూడాలి. లోపలికి అనుమతి లేకుండా వెళ్లవద్దు. అది మీకు చిక్కు తెస్తుంది, పనివాళ్లకు భయం పుట్టిస్తుంది. బయటి కాలువ చాలు. కోత సాధారణంగా తెల్లవారుజామున మొదలై పొద్దెక్కేసరికి ముగుస్తుంది. తనిఖీ అధికారులు కార్యాలయం తెరిచాక, టిఫిన్ ముగించుకుని, మంగళవారమో బుధవారమో పదకొండు గంటలకు వస్తారు. అప్పటికి నేల కడిగి ఆరిపోయి ఉంటుంది. మీరు ఆదివారం ఉదయం ఐదున్నరకు వెళ్లండి. దసరా, బోనాలు, బక్రీద్, కనుమ రోజుల్లో కోత బాగా పెరుగుతుంది, శుద్ధి ఏర్పాటు ఎంత గట్టిదో ఆ రోజుల్లోనే తెలుస్తుంది.

కబేళా నీరు బయటికి వచ్చే తూము ముందు నిలబడి మూడు విషయాలు గమనించండి. మొదటిది రంగు, అది ఏ సమయంలో మారుతోంది అన్నది. రెండోది తూము అంచున, కాలువ రాళ్లకు ఏం అంటుకుని ఉందన్నది. జాలీలు సరిగా ఉంటే వెంట్రుకలు, కొవ్వు ముక్కలు, గడ్డిపీచు బయటికి రావు. రాళ్ల సందున తెల్లని కొవ్వు మైనంలా పేరుకుని, వేలితో గీస్తే పెచ్చుగా లేస్తోందంటే, కొవ్వును ఆపే తొట్టి నిండిపోయిందనో అసలే లేదనో అర్థం. మూడోది వాహనం. ఏ బండి వస్తోంది, పైన కప్పు ఉందా, నంబరేమిటి, ఎటు తిరిగింది అన్నవి రాసుకోండి. ఫొటోలో తేదీ, సమయం, స్థలం పడేలా ఫోనులో సర్దుబాటు చేసుకోండి. నాలుగు ఆదివారాలు ఇలా చేస్తే సరిపోతుంది.

మీరు సీసాలో పట్టుకున్న నీటిని ప్రైవేటు ల్యాబులో పరీక్ష చేయించవచ్చు. అది మీకు ధైర్యమిస్తుంది, కోర్టులో మాత్రం నిలవదు. జల చట్టం 21వ సెక్షన్ ప్రకారం మండలి అధికారి నిర్వాహకుడికి నోటీసు ఇచ్చి, అతని ఎదుటే నమూనా తీసి, అతను కోరితే రెండు భాగాలు చేసి, సీలు వేసి సంతకాలు తీసుకుంటేనే అది సాక్ష్యమవుతుంది. కాబట్టి మీ సీసా లక్ష్యం ఒక్కటే, అధికారిని సరైన రోజున, సరైన గంటకు అక్కడికి రప్పించడం.

ఇప్పుడు కాగితాల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయాలకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. ఎందుకు చేయలేదు, ఎవరు బాధ్యులు అని అడిగితే అటువంటి సమాచారం లేదని ఒక వాక్యంలో తేల్చేస్తారు. రికార్డుల పేర్లు రాసి నకళ్లు అడగాలి. నేను రాసే తీరు ఇది (ఇందులో రెండరింగ్ ప్లాంటు అంటే జంతు వ్యర్థాన్ని ఉడికించి కొవ్వుగా, పొడిగా మార్చే కర్మాగారం):

“సెప్టెంబరు 1 నుంచి నవంబరు 30 వరకు గల కాలానికి సంబంధించి: కబేళాలో రోజువారీ కోసిన పశువుల రిజిస్టరు నకలు, పశువైద్యాధికారి జారీ చేసిన ధ్రువీకరణల నకళ్లు, ఘన వ్యర్థాలను తరలించిన వాహనాల ట్రిప్పు షీట్లు, తూకం చీటీలు, వ్యర్థాలను స్వీకరించిన రెండరింగ్ ప్లాంటు లేదా కంపోస్టు యార్డు ఇచ్చిన రసీదులు, మురుగునీటి శుద్ధి ప్లాంటుకు చెందిన విద్యుత్ మీటరు రీడింగుల పుస్తకం, సదరు కబేళాకు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సీఎఫ్‌ఓ, దాని షరతులు, అప్పటి నుంచి జరిగిన తనిఖీల నివేదికలు ఇప్పించగలరు. సెక్షన్ 2(జె) ప్రకారం పై రికార్డులను స్వయంగా పరిశీలించుటకు ఒక తేదీ కేటాయించగలరు.”

చివరి వాక్యాన్ని వదలకండి. నకళ్లలో కనిపించనివి పుస్తకంలో కనిపిస్తాయి, పైగా పరిశీలనకు మొదటి గంట రుసుము లేదు. దరఖాస్తును మున్సిపాలిటీకి ఒకటి, మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఒకటి విడివిడిగా ఇవ్వండి. అడిగిన సమాచారం మరో శాఖ దగ్గర ఉంటే 5 రోజుల్లో బదిలీ చేయవలసిన బాధ్యత వారిదే అయినా, ఆ బదిలీలో నెల గడిచిపోవడం మామూలే. ఇక్కడ చాలామందికి తెలియని దారి మరొకటుంది. జల చట్టం 25వ సెక్షన్ ప్రకారం మండలి తాను విధించిన షరతులను ఒక రిజిస్టరులో రాసి ఉంచాలి, ఆ తూము వల్ల ప్రభావితమైన ఎవరైనా కార్యాలయ వేళల్లో దాన్ని చూడవచ్చు. దానికి సమాచార హక్కు దరఖాస్తు కూడా అవసరం లేదు.

మూడు నెలల కాలంలో అక్టోబరు 2 పడేలా ఎంచుకోవడానికి కారణముంది. గాంధీ జయంతి నాడు కబేళాలు మూసి ఉంచుతారు. ఆ రోజు గడిలో ఏం రాశారో చూడండి. మా పట్టణంలో నేను అలా కూర్చుని చూసిన ట్రిప్పు పుస్తకంలో తొంభై రోజులకూ ఒకే నీలి సిరా, ఒకే వాలు చేతిరాత, ప్రతి గడిలో “2 ట్రిప్పులు” అని ఉంది. ఆదివారానికీ అంతే, మంగళవారానికీ అంతే, అక్టోబరు 2, 3 తేదీలకూ అంతే. ముందురోజు మిగిలింది రెండో తేదీన ఎత్తారేమో అనుకుందామన్నా, కోతే లేని రోజు మర్నాడు రెండు ట్రిప్పుల వ్యర్థం ఎక్కడిది? అందులో రాసిన ట్రాక్టరు నంబరును, వాహనాల రిజిస్ట్రేషన్ వివరాలు చూపే ఎం పరివాహన్ యాప్‌లో వేసి చూస్తే అది ఒక మోటారు సైకిలుదని వచ్చింది. పక్క గదిలోని పశువుల రిజిస్టరులో మాత్రం ఆదివారానికి 240, మంగళవారానికి 60 అని నిజాయితీగానే రాసి ఉంది, ఎందుకంటే కోత రుసుము వసూలు దానిమీద ఆధారపడి ఉంటుంది. డబ్బు వచ్చే పుస్తకం సరిగా ఉంటుంది, డబ్బు పోయే పుస్తకం చివర్లో ఒకే రోజున నింపుతారు. రెండింటినీ పక్కపక్కన పెట్టడమే మీ పని.

విద్యుత్ మీటరు సంగతి కూడా అంతే. శుద్ధి ప్లాంటుకు ప్రత్యేక మీటరు ఉండాలన్న షరతు చాలా సమ్మతి పత్రాల్లో ఉంటుంది. గాలి ఊదే యంత్రాలు రోజంతా తిరిగితే యూనిట్లు కదలాలి. నెల మొత్తానికి రీడింగు కదలకపోతే ప్లాంటు రంగు వేసిన తొట్లుగా మిగిలిందని అర్థం.

కాగితాలు చేతికొచ్చాక ఫిర్యాదును కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలోని ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరుకు రాయండి, మున్సిపల్ కమిషనరుకూ కలెక్టరుకూ ప్రతులు పంపండి. రెండు పేజీలు మించనివ్వకండి. మొదటి పేజీలో ఒక పట్టిక గీసి తేదీ, కోసిన జీవాలు, రావలసిన వ్యర్థం, రిజిస్టరులో చూపిన వ్యర్థం, తేడా అన్న వరుసలు రాయండి. రెండో పేజీలో సీఎఫ్‌ఓ షరతుల్లో ఏ నంబరు షరతు ఎలా తప్పిందో చెప్పండి. బీఓడీ ఎంత ఉండాలన్న పరిమితిని ఎక్కడినుంచో ఎత్తి రాయకండి, ఆ కబేళాకిచ్చిన పత్రంలో ఉన్న అంకెనే రాయండి. చివర్లో, తనిఖీ ఆదివారం ఉదయం కోత జరిగే వేళలో చేయాలని, నమూనాను 21వ సెక్షన్ ప్రకారం తీయాలని, నివేదిక ప్రతి మీకు ఇవ్వాలని కోరండి. సోమవారం కలెక్టరేట్‌లో తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతాయి. అక్కడ ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. చేతికి రసీదు రానిదే అర్జీ ఇచ్చినట్టు కాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫిర్యాదులో మాంసం తినడం గురించిగాని, కోసేవారి మతం గురించిగాని, కులం గురించిగాని ఒక్క ముక్క కూడా ఉండకూడదు. ఉన్న మరుక్షణం ఫైలు పారిశుద్ధ్య విభాగం నుంచి పోలీసు స్టేషనుకు మారుతుంది, కాలువ అలాగే ఉంటుంది. కబేళాను మూసేయమని కూడా అడగకండి. మూస్తే కోత ఆగదు; ఆ జీవాలే వీధి దుకాణాల వెనుక, డాక్టరు పరీక్ష లేకుండా, నేరుగా మీ వీధి కాలువలోకే తెగుతాయి. లోపల మోకాటి లోతు నీళ్లలో పనిచేసేవారికి మీకంటే ఎక్కువ ఇబ్బంది ఉంది. వారితో మంచిగా మాట్లాడితే తొట్టి ఎప్పుడు నిండిందో, పంపు ఎన్నాళ్లుగా పాడైందో వారే చెబుతారు. జాలీలు, రక్తపు తొట్టి, నడిచే ప్లాంటు, కప్పు ఉన్న బండి అడగండి. వాళ్లూ అవే అడుగుతున్నారు.

వ్యర్థం ఎక్కడికి పోతోందో వెంబడిస్తే కొన్నిసార్లు మరో శాఖ తలుపు తట్టవలసి వస్తుంది. కోడి వ్యర్థాలను డ్రమ్ముల్లో నింపి రాత్రిపూట కృష్ణా, ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల చేపల చెరువులకు మేతగా తరలించడం అక్కడివారికి తెలియని విషయం కాదు. అటువంటిదైతే మత్స్యశాఖ అధికారికి కూడా ప్రతి పంపండి. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల గద్దలు, పక్షులు మూగేలా జంతువులను కోయడం, వ్యర్థాలు పడేయడం 1937 నాటి విమాన నియమాల్లోని 91వ నిబంధనకు విరుద్ధం. శంషాబాద్, గన్నవరం, రేణిగుంట వంటి చోట్ల ఉండేవారు విమానాశ్రయ అధికారులకు రాస్తే, మున్సిపాలిటీలో నెలల తరబడి కదలని ఫైలుకు కదలిక వచ్చే అవకాశం ఉంది. అలాగే 2001 నియమాల ప్రకారం జంతు సంక్షేమ మండలి అధికారం ఇచ్చిన వ్యక్తి పనివేళల్లో ముందస్తు నోటీసు లేకుండానే ఏ కబేళానైనా తనిఖీ చేయవచ్చు. ఆకస్మిక తనిఖీ కావాలనుకునేవారికి ఇది మంచి దారి.

ఇవేవీ ఫలించకపోతే మూడు మెట్లున్నాయి. సమాచారం రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆపై 90 రోజుల్లో సమాచార కమిషనుకు రెండో అప్పీలు వేయాలి. కాలువ వల్ల వీధి వీధంతా ఇబ్బంది పడుతుంటే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, అంటే పాత నేర ప్రక్రియా స్మృతిలోని 133వ సెక్షన్ స్థానంలో వచ్చినదాని కింద, ఆర్డీఓకు దరఖాస్తు ఇవ్వవచ్చు. మున్సిపాలిటీ తన దగ్గర నిధులు లేవని చెప్పి తప్పించుకోలేదని 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, ఆ తీర్పు పేరు దరఖాస్తులో రాయండి. చివరిది చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు రుసుము 1000 రూపాయలు. వివాదానికి కారణం తొలిసారి తలెత్తినప్పటి నుంచి 6 నెలల్లోపు వెళ్లాలి, తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. కాబట్టి మొదటి మెట్టు దగ్గరే ఏడాది గడపకండి.

మండలి నోటీసు ఇచ్చి, మున్సిపాలిటీ అన్నీ సరిచేశామని జవాబు రాసిందనుకోండి. ఆ జవాబు ప్రతిని తీసుకుని పక్కన పెట్టుకోండి. మూడు నెలలు ఆగి, మళ్లీ ఒక ఆదివారం ఉదయం ఐదున్నరకు తూము దగ్గరికి వెళ్లి, రాళ్ల సందున వేలితో గీసి చూడండి. తరువాత కార్యాలయానికి వెళ్లి ఆ రోజు ట్రిప్పు షీటు, తూకం చీటీ అడగండి, బండి నంబరును ఈసారి కూడా యాప్‌లో వేసి చూడండి.